రీడింగ్ చూడకుండా కన్వర్టర్ మార్చొద్దు

పాఠకుల బండి సందేహాలు

ప్రశ్న: సార్, మాది 2009 మోడల్ పెట్రోల్ ఆల్టో. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకి రెన్యువల్ కూడా చేయించుకున్నాం. ఇన్నాళ్ళూ పొల్యూషన్ సర్టిఫికెట్‌కి ఏ ఇబ్బందీ రాలేదు, ఈసారి మాత్రం ఫెయిలన్నారు. స్లిప్పులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 2.8 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 410 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులో) అని ఉంది. కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) పోయింది, మార్చాలంటే ఇరవై వేల పైమాటే అంటున్నాడు మెకానిక్. ఈ మధ్య మైలేజీ కూడా 16 నుంచి 12కి పడిపోయింది. బండి ఎక్కువగా ఊళ్ళోనే తిరుగుతుంది, నెలకోసారి నెల్లూరు ఆస్పత్రికి వెళ్ళొస్తాం. ఇంత పాత బండికి అంత ఖర్చు పెట్టాలా, అమ్మేయాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక రిటైర్డ్ టీచర్, కావలి

జవాబు: అమ్మొద్దు మాస్టారూ, కన్వర్టరూ ఇప్పుడే మార్చొద్దు. మీరు స్లిప్పులో అంకెలు రాసి పంపడం చాలా మంచి పని చేశారు, ఎందుకంటే సగం జవాబు అందులోనే ఉంది. చాలామంది 'ఫెయిల్' అన్న ఒక్క మాట విని స్లిప్పు అక్కడే పారేసి వస్తారు.

మీ బండి వయసుకి సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం దాటకూడదు. (బీఎస్ 4, అంటే భారత్ స్టేజ్ అనే పొగ నిబంధనల నాలుగో మెట్టు బండ్లకి ఇంకా గట్టి లెక్క, 0.3 శాతం, 200 పీపీఎం.) అంటే హెచ్‌సీలో మీరు పాసయ్యారు, పోయింది సీఓలో మాత్రమే. హెచ్‌సీ అంటే అసలు కాలకుండానే బయటికొచ్చిన పెట్రోలు. ఒక ప్లగ్గు సరిగ్గా కొట్టకపోయినా, వాల్వు పట్టేసి కంప్రెషన్ పోయినా ముందు ఎగిరేది హెచ్‌సీనే. మీకది అదుపులో ఉంది కాబట్టి మూడు సిలిండర్లూ కాలుస్తున్నాయి, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చమని ఎవరైనా చెప్పినా ముందు ఆగండి. సీఓ అంటే సగం కాలిన పెట్రోలు, గాలి చాలకపోతే వచ్చేది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, మీ ఇంజిన్లోకి అంతకంటే ఎక్కువ పెట్రోలు పడుతోంది.

రెండో ఆధారం మైలేజీ. కన్వర్టర్ ఒక్కటే పనిచేయడం మానేస్తే మైలేజీ పడిపోదు, అది ఇంజిన్ వదిలిన పొగని శుభ్రం చేసే సామానే కానీ ఇంజిన్‌కి పెట్రోలు పోసేది కాదు. (లోపల పూడుకుపోతే వేరే సంగతి, అప్పుడు పికప్ చచ్చిపోయి బండి లాగదు, మీరు ఆ మాట రాయలేదు.) 16 ఇచ్చే బండి 12కి వచ్చిందంటే పెట్రోలు ముందే ఎక్కువ తాగుతోంది. ఈ పరిస్థితిలో కొత్త కన్వర్టర్ బిగిస్తే తొలి పరీక్ష పాసవుతారేమో, కానీ ఆ అదనపు పెట్రోలంతా దాని మీదే పడి కొన్నాళ్ళకి కొత్తదీ మాడిపోతుంది. ఇరవై వేలూ పోయి, జబ్బు అలాగే ఉంటుంది.

మీలాంటి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండిలో పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, సెన్సార్లు చెప్పిన మాట విని. ఇక్కడ ఏదో ఒక సెన్సార్ దానికి తప్పు కబురు చెబుతోంది, అది ఏదో పట్టుకోవాలి. నేనైతే మన ప్రాంతంలో ముందు థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో చూస్తాను. వేసవిలో బండి వేడెక్కుతోందని చెప్పగానే ఆ వాల్వు పీకి పక్కన పడేసే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది, నెల్లూరు ఎండలకి అది అక్కర్లేదని వాళ్ళ నమ్మకం. అది లేకపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్లో తిరుగుతూ ఇంజిన్ని వేడెక్కనివ్వవు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పోసినట్టు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిరిగే మీలాంటి బండికి ఇంకా ఎక్కువ.

దీన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తెల్లారి బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, రేడియేటర్ పైభాగంలోకి వెళ్ళే లావుపాటి రబ్బరు పైపు మీద చెయ్యి పెట్టండి. ఫ్యాన్‌కి చెయ్యి, చీర కొంగు, కండువా తగలకుండా జాగ్రత్త. వాల్వు సరిగ్గా ఉంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉంటుంది, ఇంజిన్ 80 డిగ్రీల దరిదాపుకి వచ్చాక ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. వాల్వు పీకేసినా, తెరుచుకున్నట్టే పట్టేసినా పైపు మొదటి నుంచీ కొద్దికొద్దిగా, నులివెచ్చగా ఎక్కుతూ పోతుంది. హైవే మీద వేగంగా వెళ్ళేటప్పుడు మీటర్లో టెంపరేచర్ ముల్లు కిందికి జారినా అదే అర్థం. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. వాల్వు చవకే, కొత్తది వేయించుకోండి, నిజంగా బండి వేడెక్కుతుంటే రేడియేటర్ క్లీన్ చేయించి ఫ్యాన్ చూపించాలి కానీ వాల్వు తీయడం మందు కాదు.

అది బాగానే ఉంటే తర్వాత మ్యాప్ సెన్సార్, ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి చూసేది. మీ బండిలో దానికి సన్నని రబ్బరు గొట్టం ఉంటే చివరి దాకా వేలితో తడిమి చూడండి. పగిలినా, ఎలుక కొరికినా, ఊడినా ఇంజిన్ మీద లోడు ఎక్కువుందని కంప్యూటర్ భ్రమపడి పెట్రోలు పెంచేస్తుంది. వారాల తరబడి షెడ్డులో నిలబడే బండ్లలో ఎలుకల పని ఇంతా అంతా కాదు.

మూడోది సైలెన్సర్, ముఖ్యంగా ఇంజిన్ దగ్గరి నుంచి ఆక్సిజన్ సెన్సార్ దాకా ఉన్న భాగం. అక్కడ గ్యాస్కెట్ పోయినా, చిన్న చిల్లు పడినా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఆ గాలిలో ఆక్సిజన్ చూసి సెన్సార్ 'పెట్రోలు చాల్లేదు' అని చెబుతుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మీది సముద్రానికి దగ్గరి ఊరు, ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పు త్వరగా పడుతుంది. ఇది సర్టిఫికెట్‌తో పోయే సంగతి కూడా కాదు. సీఓకి రంగూ వాసనా ఉండవు, 2.8 శాతం వదిలే బండికి సైలెన్సర్ చిల్లు పడితే అది కారు లోపలికే రావచ్చు. ఆస్పత్రి దగ్గర ఏసీ వేసుకుని, అద్దాలు మూసుకుని, ఇంజిన్ ఆన్‌లో ఉంచి కునుకు తీసే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి.

ఆక్సిజన్ సెన్సార్ కూడా ముసలిదై ఉండొచ్చు. మంచి సెన్సార్ ఇంజిన్ వేడి మీద 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య చకచకా ఊగుతుంటుంది, ఒక్క చోట కదలకుండా ఉంటే అనుమానించాలి. స్కానరో, మంచి మీటరో ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర చూపించి, అది పోయిందని రుజువయ్యాకే మార్చండి. ఇంజిన్ ఆయిల్ కడ్డీ తీసి వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన కొడుతుంటే, లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంటే, ఆయిల్లో పెట్రోలు కలిసింది, ఆ ఆవిరి మళ్ళీ ఇంజిన్లోకే వెళ్ళి సీఓ పెంచుతుంది. పరీక్షకి ముందు ఆయిల్ మార్పించండి. ఎయిర్ ఫిల్టర్ మురికైతే అదీ మార్చండి, కాకపోతే కార్బొరేటర్ బండిలో దాని వల్ల సీఓ పెరిగినంతగా మీ బండిలో పెరగదు, గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించుకునే ఏర్పాటు ఉంది.

ఇవన్నీ సరిచేశాక కూడా సీఓ దిగకపోతే అప్పుడు కన్వర్టర్. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తట్టండి, గలగలమంటే లోపలి పింగాణీ గడ్డ పగిలినట్టే. అసలు లోపల ఏమైనా ఉందో లేదో కూడా చూపించండి. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, వాటి కోసం లోపలిది తీసేసి ఖాళీ డబ్బా మళ్ళీ బిగించిన బండ్లు ఉంటాయి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఆ సంగతే తెలియదు.

మళ్ళీ పరీక్షకి వెళ్ళే రోజు ఇంటి నుంచి నేరుగా బంకుకి వెళ్ళకండి. కన్వర్టర్ సుమారు 300 డిగ్రీలు దాటితే కానీ పని మొదలుపెట్టదు. హైవే ఎక్కి నెల్లూరు వైపు ఓ పదిహేను కిలోమీటర్లు వెళ్ళి తిరిగి వచ్చి, ఇంజిన్ ఆపకుండా పరీక్ష చేయించండి. పరీక్ష మెషీన్ పైపు కనీసం ఒక అడుగు సైలెన్సర్ లోపలికి పెట్టారో లేదో దగ్గరుండి చూడండి, కొత్త స్లిప్పు తప్పకుండా తీసుకుని పాతదాని పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: నాది 2011 డీజిల్ బొలెరో, క్వారీ పనులకి తిరుగుతుంది. పొగ పరీక్షలో (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 3.4 వచ్చిందని ఫెయిల్ చేశారు. డీజిల్ పంపు సెట్టింగ్ తగ్గించి పాస్ చేయించి తర్వాత మళ్ళీ పెంచుతానంటున్నాడు మెకానిక్. చేయించమంటారా?
– చీమకుర్తి పాఠకుడు

జవాబు: వద్దు అన్నా. పంపు సీలు ఒకసారి విప్పితే ఆ సెట్టింగ్ మళ్ళీ ఉన్నది ఉన్నట్టు రావడం కష్టం, పైగా మర్నాటి నుంచి అదే నల్లపొగ మీ క్వారీలో పనిచేసే వాళ్ళ మొహాన కొడతారు, ఇప్పటికే వాళ్ళు మింగే రాతిదుమ్ము చాలదా. మీ బండికి హద్దు 2.45, మీరు అందుకోలేనంత దూరంలో లేరు.

పెట్రోలు బండికి చెప్పినట్టు కాదు, డీజిల్లో ఎయిర్ ఫిల్టరే మొదటి ముద్దాయి. గాలి తగ్గినా డీజిల్ తగ్గదు, నల్లపొగ వస్తుంది. గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క చెల్లదు, చాలా ముందే మార్చాలి. పంక్చర్ షాపులో ఫుల్ ప్రెషర్ గాలితో బయటి నుంచి కొట్టిస్తే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది, కాగితం చిరుగుతుంది కూడా. కొట్టిస్తే తక్కువ ప్రెషర్‌తో లోపలి నుంచి బయటికి. తర్వాత టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్ళే గొట్టం క్లిప్పులు, చీలికలు చూపించండి. ఆ తర్వాతే నాజిల్స్ (ఇంజిన్లోకి డీజిల్ చిమ్మేవి) తీయించి డీజిల్ పంపు షాపులో టెస్ట్ చేయించాలి. పొగ నీలంగా ఉంటే మాత్రం ఇవేవీ కావు, ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ పని పడుతుంది.

పరీక్షకి ముందు ఖాళీ రోడ్డు మీద కింది గేరులో ఇంజిన్ని కాస్త గట్టిగా తిప్పుతూ కొంతదూరం నడపండి, సైలెన్సర్లో పేరుకున్న మసి బయటికి పోతుంది. అంతకుముందు ఆయిల్ లెవెల్, టైమింగ్ బెల్టు (లేదా చెయిన్) సరిగ్గా ఉన్నాయని రూఢి చేసుకోవాలి, పరీక్షలో ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు.

ప్రశ్న: ఫెయిలయ్యాక బండి సీజ్ చేస్తారా? బండి తేవక్కర్లేదు, నంబరు పంపితే సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఒకరు చెప్పారు.
– నెల్లూరు పాఠకురాలు

జవాబు: పరీక్షలో ఫెయిలైనంత మాత్రాన బండి లాక్కోరమ్మా, రిపేర్ చేయించి మళ్ళీ చూపించుకోవడమే. సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కి దొరికితే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోవడం కూడా ఉంది. ఆ నంబరు బేరం ఒప్పుకోకండి, పరీక్ష చేయని కాగితం వల్ల మీ బండిలో ఏం పాడైందో మీకే తెలియకుండా పోతుంది. మీది బీఎస్ 3 లేదా అంతకంటే పాతదైతే సర్టిఫికెట్ ఆరు నెలలకే, బీఎస్ 4 నుంచి ఏడాదికి. గడువు రెండు మూడు వారాలుండగానే పరీక్ష చేయించండి, ఫెయిలైతే బాగు చేయించుకోవడానికి టైముంటుంది.