మూడో బీరువా కొనే ముందు

ప్రశ్న: మేము ఇంట్లో ఐదుగురం. రెండు బీరువాలు, అటక, మంచాల కింద పెట్టెలు అన్నీ నిండిపోయాయి. అయినా కావలసినది సమయానికి దొరకదు. ఇంకో బీరువా కొందామని నేను, ఉన్నవాటిలో సగం పారేద్దామని మావారు. ఎవరి మాట సరైనది?

జవాబు: ప్రస్తుతానికి రెండూ ఆపండి. ఇంట్లో ఉన్న వస్తువే వెతికినా దొరకడం లేదంటే, మీకు కొరవడింది చోటు కాదు, దేనికి ఏది చోటో అందరికీ తెలిసిన ఏర్పాటు. మూడో బీరువా వస్తే వెతకవలసిన చోటు ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

గదుల వారీగా సర్దకుండా, ఒక్కో రకం వస్తువులను, ఉదాహరణకు దుప్పట్లన్నిటినీ, ఇల్లంతా గాలించి తెచ్చి ఒకచోట కుప్పపోయండి. ఎన్ని ఉన్నాయో అప్పుడు గానీ తెలియదు. కత్తెర కనబడక కొత్తది కొని, నెల తిరగకుండానే పాతది వైర్ల చిక్కులో దొరికిన అనుభవం నాకూ ఉంది.

అసలు చిక్కు అరల లోతులో ఉంది. బట్టలు హ్యాంగర్లకు తగిలించే అలమర లోతు సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది; మడతపెట్టిన చొక్కాకు అందులో సగం చాలు కనుక ముందొక వరుస, వెనకొక వరుస పేరుస్తాం, వెనక వరుసను మరచిపోతాం. అలా కాక, అర లోతుకు సరిపోయే పొడవాటి అట్టపెట్టెలో మడతలను పుస్తకాల్లా నిలువుగా ముందునుంచి వెనక్కి నిలబెడితే, పెట్టెను లాగగానే చివరిదాకా కనబడతాయి, ఒకటి తీసినప్పుడు మిగిలినవి కూలవు. అర పైన జానెడు ఖాళీ మిగులుతోందా? పలకలు మార్చుకోదగినవైతే పై పలకను కిందికి దించండి. ఆ పైన మరో పలకకు చోటు దొరకవచ్చు. బరువైనవి అడుగున, రోజూ వాడేవి నడుముకూ కళ్ళకూ మధ్య ఎత్తులో ఉండాలి. డబ్బాలు కొనడమంటూ ఉంటే అన్నీ సర్దాక, అర కొలుచుకుని కొనండి.

మీవారి మాటలోనూ నిజం లేకపోలేదు. అయితే ఎవరి వస్తువు సంగతి వారే తేల్చుకోవాలి. గడువు తీరిన మందులను, బాగుచేయలేని వస్తువులను వెంటనే తీసేయవచ్చు. ఎటూ తేలనివాటిని పెట్టెలో పెట్టి, పైన తేదీ రాసి, 6 నెలల తరువాత చూడండి; ఈలోగా ఎవరూ తెరవకపోతే ఇచ్చేయడం సులువవుతుంది. ఫొటోలను, దస్తావేజులను మాత్రం ఆ పెట్టెలో కలపకండి, వేడికీ తేమకీ పాడయ్యే అటక మీదా ఉంచకండి. పిల్లల పాత బొమ్మలను వారు ఇంట్లో లేనప్పుడు చాటుగా పంపించేయకండి. ఆ తరువాత వారు ఏ వస్తువునూ చేయిజారనివ్వరు.