పాత కట్టడాన్ని విప్పి వేరేచోట కడితే దానికి విలువ ఉంటుందా?

కచ్చితంగా ఉంటుంది. చోటు మార్చాక అది ఉత్త రాళ్లపోగే అని ఇక్కడ ఒకరిద్దరు రాశారు, నేనస్సలు ఒప్పుకోను.

2000 ప్రాంతంలో మేం లండన్‌కి ఉత్తరాన చెషంట్ దగ్గర ఉండేవాళ్లం. అక్కడ థియోబాల్డ్స్ పార్క్ అని ఒక పాత బంగళా, దాని చుట్టూ పెద్ద తోట. ఓ ఆదివారం మా ఆవిడా నేనూ అటు నడుస్తుంటే చెట్ల మధ్య ఎత్తైన రాతి తోరణం కనిపించింది. కింద బళ్లు పట్టేంత కమాను, అటూ ఇటూ మనుషులు నడిచే చిన్న దారులు, పైన ఏకంగా ఒక గది. రాళ్ల సందుల్లో మొక్కలు మొలిచాయి, దగ్గరికి పోకుండా కంచె. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి, ఇది లండన్ నగర ద్వారం టెంపుల్ బార్ అనీ, రాజద్రోహుల తలలు నరికి దీని మీదే గుచ్చేవాళ్లనీ చెప్పాడు. మా ఆవిడ "పదండి పోదాం" అంటూనే ఉంది, నాకు మాత్రం కాలు కదల్లేదు. లండన్ ద్వారం ఈ పొదల్లో ఏంటి!

ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ కట్టాడంటారు, 1672లో పూర్తయింది. లండన్ నడిబొడ్డున ఫ్లీట్ స్ట్రీట్‌లో ట్రాఫిక్‌కి అడ్డమని 1878లో విప్పేశారు, కానీ రాళ్లకి నంబర్లు వేసి మరీ దాచారు. తర్వాత బీరు వ్యాపారి హెన్రీ మ్యూ భార్య కోరిక మీద కొని తన తోటకి గేటుగా నిలబెట్టుకున్నాడు, ఆవిడ ఆ పైగదిలో విందులు కూడా ఇచ్చేది. వాళ్ల తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు. దాన్ని పాడుచేసింది ఆ నిర్లక్ష్యమే, రాళ్లు విప్పడం కాదు. 2004లో లండన్‌కే తెచ్చి సెయింట్ పాల్స్ చర్చి పక్కన మళ్లీ నిలబెట్టారు, ఇప్పుడు ఆఫీసులకి పోయే జనం దాని కిందనుంచే నడుస్తారు. పాతచోటు కాదుగా అని గొణిగేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ పాతచోట్లో ఇప్పుడు డబుల్ డెక్కర్ బస్సులు తిరుగుతున్నాయి, ఎక్కడ పెట్టమంటారు?

మన కూడవెల్లి సంగమేశ్వరాలయమూ అంతే. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోకుండా రాయి రాయిగా విప్పి అలంపురంలో కట్టారు. చాళుక్యుల నాటి ఆ చెక్కడాలు చూశాక దాన్ని కొత్త గుడి అనడానికి ఎవరికైనా నోరొస్తుందా? అయినా అలంపురం వెళ్లినవాళ్లలో చాలామంది నవబ్రహ్మ ఆలయాలు చూసి, జోగులాంబకి దండం పెట్టుకుని, కాస్త దూరంలో ఉన్న ఈ గుడివైపు తిరిగి కూడా చూడకుండా కారెక్కేస్తారు. నాకు మండేది అక్కడే.