‘ఇందులో మీ అమ్మ లేదురా’ అంటున్నారు నాన్న

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. నా వయసు 46, ఒంగోలులో ఉద్యోగం. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. సంవత్సరీకం అయ్యాక, 74 ఏళ్ల నాన్నను ఒంటరిగా ఉంచలేక మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన పంతులుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, పనికిరాని వస్తువులతోపాటు పాత టేపురికార్డరునూ, చెప్పుల అట్టపెట్టెలో ఉన్న ముప్పై నలభై క్యాసెట్లనూ పాత సామాన్లు కొనే అతనికి వేసేశాను. ఎప్పుడో రేడియో ముందు టేపురికార్డరు పెట్టి అమ్మా నాన్నా రికార్డు చేసుకున్న సినిమా పాటలవి. కొన్నిటికి బూజు కూడా పట్టింది. వాటికి బదులు ఐదు వేల పాత పాటలున్న కొత్త పెట్టె కొనిచ్చాను. నాన్న ఒక్కసారి విని పక్కన పెట్టేశారు. ‘అవే పాటలు కదా నాన్నా, ఇంకా బాగా వినపడతాయి’ అంటే, ‘ఇందులో మీ అమ్మ లేదురా’ అన్నారు. ఆరు వారాలుగా నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. హైదరాబాదులో ఉన్న చెల్లెలు నన్ను రాతిగుండెవాడినంటోంది. నిజానికి అమ్మకిష్టమైన పాట బస్సులో వినిపించినా నాకు దిగిపోవాలనిపిస్తుంది. నేను అంత తప్పు చేశానా?
— ఒక కుమారుడు, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకటి మీ నాన్నగారిది, ఇంకొకటి చివర మీరు మీ గురించి రాసుకున్నది. ముందు ఆయన మాట సంగతి చూద్దాం.

‘ఇందులో మీ అమ్మ లేదు’ అన్నదాన్ని దుఃఖంలో ఉన్న పెద్దాయన నోటి వెంట వచ్చిన మాటగా మీరు తీసుకుని ఉంటారు. నేను దాన్ని అక్షరాలా అర్థం చేసుకోమంటాను. రేడియో, టేపు ఒకే పెట్టెలో ఉండే టూ-ఇన్-వన్ అయితే పాట లోపలి తీగల గుండానే టేపు మీదికి ఎక్కుతుంది; గదిలో ఎవరు మాట్లాడుకున్నా అందులో పడదు. మీ ఇంట్లో జరిగింది వేరు. రేడియో ముందు విడిగా టేపురికార్డరు పెట్టి రికార్డు బొత్తాన్నీ ప్లే బొత్తాన్నీ కలిపి నొక్కితే, దాని మైకు పాటతోపాటు ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఆ ఇంట్లో వినపడిన సమస్తాన్నీ పట్టుకుంటుంది. వంటింట్లో గిన్నె జారిన చప్పుడు, ‘రికార్డవుతోంది, మాట్లాడకండి’ అని ఒకరు గొంతు తగ్గించి కసరడం, రెండో చరణం దగ్గర రేడియోతోపాటు సన్నగా అందుకున్న ఆడగొంతు, వీటిలో ఏదైనా ఆ క్యాసెట్లలో ఉండి ఉండవచ్చు. ఏ క్యాసెట్లో ఏ చోట ఏముందో మీ నాన్నగారికి తెలుసు.

నెల్లూరులో మా ఇంట్లో అలాంటి క్యాసెట్ ఒకటి ఉంది. పాట మధ్యలో, పల్లవి తిరిగి రాబోయే ముందు, మా అమ్మమ్మ ‘పాలు పొంగుతుండాయి, చూడండే’ అంటుంది. ఆ పాట ఇప్పుడు ఎక్కడ విన్నా ఆ చోటు వచ్చేసరికి నా చెవి ఆ మాట కోసం ఎదురుచూస్తుంది. శుభ్రంగా, గరగర లేకుండా, స్టూడియోలో పాడినట్టే వినిపించే పాటలో ఆ మాట ఉండదు కాబట్టి, నా వరకు ఆ పాటలో ఏదో కోసేసినట్టుగా ఉంటుంది. మీరు కొన్న ఐదు వేల పాటల పెట్టె ముందు కూర్చుని మీ నాన్నగారు విన్నది అలాంటి ఖాళీనే అయి ఉండాలి.

ఆ కాలంలో పాట ఇంటికి వచ్చిన తీరు కూడా మీరు గుర్తు చేసుకోవాలి. ఆకాశవాణి వారి వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. విజయవాడ కేంద్రం జనరంజని కార్యక్రమంలో శ్రోతలు కోరిన పాటలు వేసేవారు, కోరిన వాళ్ల పేర్లూ ఊళ్లూ చదివేవారు. కార్డు రాసి, అది చేరి, మన పేరు ఎప్పుడు చదువుతారో తెలియక, ఆ వేళకు పనులన్నీ ముగించుకుని రేడియో దగ్గర కూర్చున్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. కోరుకున్న పాట మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే టేపు మీద పట్టుకోవాలనే ఆరాటం ఉండేది. మీ అమ్మగారు కార్డులు రాసేవారా, రేడియోలో ఆవిడ పేరు ఎప్పుడైనా చదివారా అని మీ నాన్నగారిని అడగండి. ఆరు వారాల మౌనం తరువాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మీకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదని నా నమ్మకం.

పదేళ్ల వయసుకూ ముప్పై ఏళ్లకూ మధ్య విన్న పాటలు, జరిగిన సంగతులు మనసులో మిగిలినవాటికంటే గట్టిగా నిలిచిపోతాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవారు చెబుతారు. మీ నాన్నగారి చదువు, ఉద్యోగం, పెళ్లి, తొలి కాపురం అన్నీ ఆ కాలంలోనివే అయి ఉంటాయి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూసినప్పుడు, ఆయన్ను ఏనాడూ దగ్గరగా చూడనివారు కూడా సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. ఆయన మా నెల్లూరువారు, హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కుమారుడు, ఆ అభిమానం మాకు ఎలాగూ ఉంటుంది. అంతకు మించి, ఎవరి పెళ్లిచూపులు, ఎవరి తొలి ఉద్యోగం, ఎవరి అమ్మ ఆఖరి రోజులు వారి వారి మనసుల్లో ఆ గొంతుతో కలిసిపోయి ఉన్నాయి. పాట ఊరందరిదీ అయినా, దానికి అంటుకున్న జ్ఞాపకం ఒక్క ఇంటిదే. మీరు పాత సామాన్లవాడికి వేసింది ఆ రెండోదాన్ని.

ఇక మీ మాట. అమ్మకిష్టమైన పాట బస్సులో వినిపించినా దిగిపోవాలనిపిస్తుందని ‘నిజానికి’ అనే చిన్న మాట వెనక దాచినట్టుగా రాశారు. మీ చెల్లెలు అన్నట్టు మీది రాతిగుండె అయితే ఆ పాట మిమ్మల్ని ఏమీ చేయదు. ఊళ్లో ఇల్లు సర్దుతున్న ఆ రోజు ఆ అట్టపెట్టె మీ చేతికి తగిలినప్పుడు, పనికిరాని వస్తువని నిజంగా తూచి చూసి పక్కన పడేశారా, లేక అది కంటి ముందు ఉండటమే భరించలేక తొందరగా వదిలించుకున్నారా అన్నది మీకు మీరే నెమ్మదిగా ఆలోచించుకోండి. రెండోదే అని నాకనిపిస్తోంది. మీ నాన్నగారు ఆ పాటల్లో భార్యను వెతుక్కుంటున్నారు, మీరు అవే పాటల నుంచి తప్పించుకు తిరుగుతున్నారు. ఒకే మనిషి కోసం ఇద్దరు పడుతున్న బాధ ఇది, పడే తీరులోనే తేడా. ఆయనకు మీ బాధ కనపడలేదు, ఎందుకంటే మీరు దాన్ని ఎవరికీ చెప్పలేదు.

తప్పు చేశారా అని అడిగారు. అడగకుండా పారేయడం తప్పే. అందులో చెడు ఉద్దేశం లేదని మీ నాన్నగారికి తెలియకపోదు. అయినా మీరు ఇప్పటికీ ‘అవే పాటలు’ అని వాదిస్తున్నందువల్ల ఆయన నోరు మూసుకుపోయింది. కాబట్టి ముందు క్షమాపణ చెప్పండి. బూజు పట్టిందనీ, కొత్త పెట్టె ఖరీదు ఇంతనీ, చోటు లేదనీ కలపకండి. ‘మిమ్మల్ని అడక్కుండా పారేశాను నాన్నా, తప్పు చేశాను’ అన్నంతవరకే చెప్పి, ఆయన ఏమన్నా వినండి. ఆ పాటలు వినలేకపోతున్నానని, అందుకే ఆ పెట్టెను త్వరగా పంపేశానని కూడా ఆయనతో అనండి. నలభై దాటిన కొడుకు తండ్రి ముందు అమ్మ కోసం ఏడిస్తే ఆ ఇంటికి చెడు జరగదు.

తరువాత, ఆ సామాన్లు కొన్న అతన్ని వెతుక్కుంటూ వెళ్లండి. ఒంగోలు నుంచి మీ ఊరు పెద్ద దూరమేమీ కాదు. పాత సామాన్ల వ్యాపారంలో రాగి, ఇనుము ఉన్న వస్తువులు ముందు పోతాయి, టేపు చుట్టలున్న క్యాసెట్లకు గిరాకీ తక్కువ, ఏ గోతాంలోనో ఓ మూల పడి ఉండే అవకాశం లేకపోలేదు. దొరుకుతాయని నేను చెప్పలేను, మీరు కూడా నాన్నగారికి మాట ఇవ్వకండి. వస్తానంటే ఆయన్ను కూడా తీసుకువెళ్లండి. ఆయనకు తెలియకుండా వెతికి ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆ పని మీరు చేసినట్టు కూడా ఆయనకు తెలియదు.

ఒకటి రెండైనా దొరికితే, ఇంటికి తెచ్చిన ఉత్సాహంలో వెంటనే ఏదో ఒక ప్లేయరులో వేసి నొక్కవద్దు. బూజు పట్టిన టేపు తిరిగేటప్పుడు తెగిపోవచ్చు, ఆ బూజు ప్లేయరు తలకు అంటుకుని వెంటనే వేసే ఇంకో క్యాసెట్‌ను కూడా పాడు చేయవచ్చు. క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని తెలిసినవారికి ఇవ్వండి. అరవై నిమిషాల క్యాసెట్టుకు అరవై నిమిషాలూ పడుతుంది, పాటను మధ్యలో ఆపి ముందుకు జరపడం ఉండదు. గరగరలు తీసేస్తామని వారు అంటే వద్దని చెప్పండి, ఆ గరగరలతోపాటే మీ అమ్మగారి గొంతు కూడా కొట్టుకుపోవచ్చు.

దొరకకపోయినా వెతకడం ఆపకండి. ఆ రోజుల్లో క్యాసెట్లు ఒకే ఇంట్లో ఉండేవి కావు, చుట్టాలు అడిగి తీసుకెళ్లేవారు, తిరిగి ఇవ్వడం మరచిపోయేవారు. మీ మేనమామల ఇళ్లలో, అమ్మగారి పుట్టింట్లో, మీ చెల్లెలి అటక మీద అడగండి. మీ ఊరి ట్రంకు పెట్టెలో సినిమా పాటల పుస్తకాలు కూడా ఉండవచ్చు. కథ సగం చెప్పి మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసే ఆ పల్చటి పుస్తకాలను హాలు దగ్గర కొనుక్కుని, నచ్చిన పాట పక్కన పెన్సిలుతో గీత గీసి దాచుకునేవారు. గీత గీసిన చేయి మీ అమ్మగారిది అయితే మీ నాన్నగారు చూడగానే చెప్పేస్తారు. వెతికే పనిని మీ చెల్లెలికి కూడా అప్పగించండి. హైదరాబాదులో కూర్చుని మిమ్మల్ని దూషించడంకంటే ఆమెకు అది మంచిది, మీ ఇద్దరి మధ్య కూడా మాటలు మొదలవుతాయి.

కొత్త పెట్టెను దాచేయవద్దు, ముందుకు తోయవద్దు. మీ నాన్నగారే ఒక రోజు ‘ఈ పాట అందులో ఉందా’ అని అడగవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీ నాన్నగారికి నిద్ర, తిండి పూర్తిగా తగ్గిపోతే, అంతకుముందు ఇష్టంగా చేసిన పనులన్నీ మానేస్తే, ‘ఇంక నేనెందుకు’ వంటి మాటలు వినిపిస్తే, అది క్యాసెట్ల గొడవ కాదు. మనసు బాగోలేనివారి కోసం 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనే మాట నోటి వెంట వస్తే అదే రోజు మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి, అప్పటివరకు ఒంటరిగా ఉంచకండి. మీరు రాసినదాన్నిబట్టి అంత దూరం రాలేదనే అనుకుంటున్నాను. ఆరు వారాల మౌనం పగ కంటే బెంగలాగే ఉంది.

ఇక మీ కోసం ఒక మాట. అమ్మగారి పాట వినపడినప్పుడు బస్సు దిగిపోవాలన్న తొందర ఇంకా కొంతకాలం ఉంటుంది, దాని మీద కోపగించుకోకండి. ఒక సాయంత్రం మీ నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన్నే అడిగి, ఆ పాటను ఒక్క పల్లవి వరకు వినండి. అంతకు మించి వినలేకపోతే లేచి బాల్కనీలోకి వెళ్లండి, ఎందుకు వెళ్తున్నారో మాత్రం ఆయనతో చెప్పి వెళ్లండి.