కొంగున ముడేసిన తాళంచెవి

గుంటూరు

చిన్నమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి నవల మొదలుపెట్టావట. యుద్ధం ఆపడానికి శత్రువు ఇంటికి కోడలిగా వెళ్ళిన రాకుమారి, ముట్టుకుంటే మసి చేసే మంత్రం ఆమె చేతిలో, చివరికి ఆ మొగుడి మీదే ప్రేమ. కథంతా వాడే చెప్పేశాడు. సగం టెన్షన్, సగం సంబరం. నాకైతే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత కలం పట్టింది నువ్వే కదమ్మా. పొద్దున్నే కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చున్నాను.

రోజూ రాయి. రాసింది పైకి చదువుకో. ఫైలు రెండు చోట్ల దాచు. వేళకి తిను.

ఇలాంటి పెళ్ళిళ్ళకి మన చరిత్రలో కరువు లేదు. కాకతి గణపతిదేవుడు దివిసీమ గెలిచి, అక్కడి అయ్య వంశం ఆడపిల్లలు నారాంబ, పేరాంబలని చేసుకున్నాడు. వాళ్ళ తోబుట్టువు జాయపని తన గజసేనానిని చేసుకున్నాడు. తన కూతుళ్ళలో రుద్రమని నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి, గణపాంబని ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకి ఇచ్చాడు. గణపాంబ భర్త పోయాక తానే ఆ సీమ ఏలింది. భర్త పేరిట ఒక గుడి, తండ్రి పేరిట ఒక గుడి కట్టించింది. యనమదల శాసనంలో ఆమె దానధర్మాలన్నీ ఉన్నాయి. పుట్టింటి నుంచి బయల్దేరిన రోజు వెనక్కి తిరిగి చూసిందో లేదో మాత్రం ఏ రాతి మీదా ఉండదు. నీ నవల అక్కడ మొదలవ్వాలి. ప్రేమని తొలిరాత్రే తెచ్చి పెట్టకు. ముందు ఆ పిల్లకి ఆ ఇంట్లో మంచినీళ్ళ కుండ ఎక్కడుందో తెలియనీ. ఎవరినీ అడక్కుండా నీళ్ళు ముంచుకుని తాగే రోజు రానీ.

మంత్రానికి నియమం పెట్టు. మా ఊళ్ళో తేలు మంత్రం వేసే తాత ఒకాయన ఉండేవాడు. పైసా తీసుకునేవాడు కాదు, తీసుకుంటే మంత్రం పోతుందట. గ్రహణం పడితే చెరువులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి జపం చేసేవాడు. నీ రాకుమారి మంత్రానికీ అలాంటి కట్టుబాటు ఉండాలి, వాడిన ప్రతిసారీ ఆమె దగ్గర్నుంచి ఏదో ఒకటి పోవాలి. ఇంకో మాట. ఆమె చేతిలో శక్తి ఉందని ఊరు భయపడే చోట జాగ్రత్తగా రాయి. చేతబడి అన్న ఒక్క అనుమానంతో ఆడవాళ్ళని చెట్టుకి కట్టేసి కొట్టిన పల్లెలున్నాయి మనకి. చదివేవాళ్ళు ఆమె పక్కన నిలబడాలి, రాళ్ళు పట్టుకున్నవాళ్ళ పక్కన కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

మీ పెద్దత్తని ఆ ఇంటికి ఎందుకిచ్చారో విన్నావా? కాలవ నీటి కోసం రెండు కుటుంబాలకీ ఏళ్ళ తరబడి తగాదా. గొడ్డళ్ళ దాకా వెళ్ళింది. పెద్దమనుషులు కూర్చుని, పిల్లనిస్తే గొడవ తీరుతుందన్నారు. అక్కకి పదిహేడేళ్ళు. వెళ్ళేటప్పుడు మన పెరటి తలుపు తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళింది. ఎప్పుడైనా రాత్రిపూట రావాల్సి వస్తే, ఎవరినీ లేపకుండా లోపలికి రావచ్చని. ఏ చీర కట్టినా ఆ ముడి ఉండేది. ఉతికేటప్పుడు విప్పి, మళ్ళీ ముడేసుకునేది. ఆ సంగతి నా ఒక్కదానికే చెప్పింది.

1987లో నేనొక వారపత్రికకి జానపద సీరియల్ రాశాను. పగవాడి కోటకి కోడలిగా వెళ్ళిన రాకుమారి. ఆమె కొంగు ముడిలో మంత్రం, ఆ ముడి విప్పితే అత్తవారి కోట కూలిపోతుంది. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. నేను గాల్లో తేలుతున్నాను. అక్క అత్తగారింట్లో ఆ పత్రిక ప్రతి వారం పైకి చదివేవారని నాకు తట్టనే లేదు. ఏడో వారం చదువుతుండగా వాళ్ళత్తగారు అక్క కొంగు వైపు చూసిందట.

ఆ ఆదివారం అక్క మనింటికి వచ్చింది. కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి ముడి విప్పింది. గట్టిగా బిగుసుకుపోయి గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగింది. తాళంచెవి నా రాతబల్ల మీద పెట్టి, "ఇది కూడా రాసుకోవే," అని వెళ్ళిపోయింది. ఆ కొంగు మూల నలిగి, తుప్పు మరక పడి ఉంది. ఆ మరక ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటుంది. పదకొండేళ్ళు నాతో మాట్లాడలేదు. మీ నాన్న పెళ్ళిలో కూడా నా పక్కన నిలబడలేదు.

అప్పుడు నాకు కోపం వచ్చింది, పేరు రాయలేదు కదా అని వాదించాను. తప్పు నాదే తల్లీ. ఆమెకి ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క దారి అది, దాన్ని నేను ఊరందరికీ చూపించాను.

నీ కథ వినగానే నాకు వణుకు అందుకే. మీ అమ్మా నాన్నల మొదటి రోజుల గొడవలు నీకు తెలుసు. మీ అమ్మ నీతో ఎన్నో చెప్పుకుని ఉంటుంది. వాటిలో ఏదన్నా వాడాలనిపిస్తే ముందు వెళ్ళి ఆమెనడుగు. వద్దంటే మానెయ్. కథ పాడవుతుందని ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా ఎత్తుతాను.

ఈ ఉత్తరం రాసేముందు అక్కనీ అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పిల్లకేగా, చెప్పు," అంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మొదటి అధ్యాయం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తెమ్మంది, ఆపరేషన్ అయినా కుడికన్ను ఇంకా సరిగా ఆనడం లేదట. నీకిష్టమని అరిసెలు కూడా చేస్తానంది.

మీ అత్తయ్య