గెట్‌చార్ ఇచ్చే విలువను చార్‌లో పెడితే ఏమవుతుంది?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రామ్‌లు రాసే) ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ఒక ఇంటర్వ్యూలో ఇన్‌పుట్‌లోని లైన్లు లెక్కపెట్టే సీ ప్రోగ్రామ్ రాయమన్నారు. ఇన్‌పుట్ నుంచి ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్ ఫంక్షన్ వాడి, దాని విలువను చార్ అనే ఒక బైటు వేరియబుల్‌లో పెట్టి రాశాను. ‘గెట్‌చార్ విలువను చార్‌లో ఎందుకు పెట్టారు?’ అంటే జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి ప్రశ్నలకు ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మామూలు టెక్స్ట్ ఫైల్ ఇస్తే మీ ప్రోగ్రామ్ బహుశా సరిగ్గానే పనిచేస్తుంది. అందుకే ఈ తప్పు కాలేజీ ల్యాబ్‌లో బయటపడదు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీన్నే పట్టుకుంటారు.

గెట్‌చార్ ఒక బైటును 0 నుంచి 255 లోపు సంఖ్యగా ఇస్తుంది. ఇన్‌పుట్ అయిపోతే ఈఓఎఫ్ ఇస్తుంది. అది రుణ సంఖ్య, సాధారణంగా -1. అంటే మొత్తం 257 విలువలు. 8 బిట్ల చార్‌లో 256కే చోటుంది. ఫంక్షన్ చార్ కాకుండా అంతకంటే పెద్దదైన ఇంట్ ఇచ్చేది ఇందుకే. చార్‌లోకి కుదించాక ఏమవుతుందో కంపైలర్‌ను బట్టి ఉంటుంది. చార్ సైన్డ్ (రుణ సంఖ్యలు కూడా పట్టేది) అయితే 255 బైటు -1గా కనబడి, ఫైల్ మధ్యలోనే లూప్ ఆగిపోతుంది. అన్‌సైన్డ్ అయితే ఈఓఎఫ్ కాస్తా 255 అయిపోయి, లూప్ ఇక ఆగదు. ఎక్స్86 లినక్స్‌లో చార్ మామూలుగా సైన్డ్, ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్. మీరు వెళ్లాలనుకుంటున్న రంగంలో ఆర్మ్ చిప్‌లే ఎక్కువ కాబట్టి ఈ తేడా మీకు బాగా తెలిసి ఉండాలి. సరైన యూటీఎఫ్-8 టెక్స్ట్‌లో 255 బైటు అసలు రాదు. బొమ్మల ఫైళ్లలో, సెన్సర్ పంపే ముడి డేటాలో వస్తుంది.

వైల్ లూప్ షరతులో మరో పొరపాటు జరుగుతుంది. విలువను వేరియబుల్‌లో పెట్టే భాగానికి విడిగా బ్రాకెట్లు వేయకపోతే ముందు ఈఓఎఫ్‌తో పోలిక జరుగుతుంది, వేరియబుల్‌లోకి 1 లేదా 0 మాత్రమే చేరుతుంది.

స్కాన్ఎఫ్‌తో అంకె చదివిన వెంటనే గెట్‌చార్ పిలిస్తే యూజర్ కోసం ఆగకుండా ముందుకు పోతుంది. ఎంటర్ నొక్కినప్పుడు వచ్చిన కొత్త లైన్ అక్షరం బఫర్‌లో మిగిలి ఉండటమే కారణం. కొత్త లైన్ గానీ ఈఓఎఫ్ గానీ వచ్చేదాకా లూప్‌లో చదివి పారేయండి. బఫర్ ఖాళీ చేయడానికి ఎస్‌టీడీఇన్ (ప్రోగ్రామ్‌కు వచ్చే మామూలు ఇన్‌పుట్)పై ఎఫ్‌ఫ్లష్ ఫంక్షన్ వాడమని చాలాచోట్ల రాస్తుంటారు. దాని ప్రవర్తనను సీ ప్రమాణం నిర్వచించలేదు, ఇంటర్వ్యూలో ఆ మాట అనకండి.

సాధనకు వంద ప్రశ్నలు బట్టీ పట్టనక్కర్లేదు. మీ లైన్ల ప్రోగ్రామ్‌నే తీసుకుని ఖాళీ ఫైల్, చివరి లైన్ తర్వాత ఎంటర్ లేని ఫైల్, ఏదైనా ఒక బొమ్మ ఫైల్ ఇచ్చి చూడండి. రెండో ఫైల్‌కు ఒక లైన్ తక్కువ రావచ్చు. యూనిక్స్‌లో లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్ కూడా కొత్త లైన్ అక్షరాలనే లెక్కిస్తుంది. కాబట్టి ‘లైన్ అంటే మీ లెక్కలో ఏమిటి?’ అని ఇంటర్వ్యూ చేసేవారిని ముందే అడగడం తప్పు కాదు, నిజానికి అలా అడిగేవాళ్లే వాళ్లకు కావాలి. తర్వాత, ఈఓఎఫ్ వచ్చాక చదవడంలో లోపం వచ్చిందేమో చెప్పే ఫెర్రర్ ఫంక్షన్‌తో పరీక్షించే రెండు లైన్లు చేర్చండి. చదవడంలో లోపం వచ్చినా గెట్‌చార్ ఈఓఎఫే ఇస్తుంది, ఫైల్ నిజంగా అయిపోయిందో లేదో ఆ పరీక్షతోనే తేలుతుంది.