ఫ్రాన్సిస్‌ను మతం మార్చకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఐర్లండ్‌లో కాథలిక్ ఇంట్లో పుట్టి, నడివయసులో విక్కాలోకి, అంటే ప్రకృతిని, దేవతలను కొలిచే ఆధునిక మంత్రవిద్యా మతంలోకి వెళ్లిన మనిషి తన పాత పునీతులను ఎందుకు వదల్లేకపోతోందన్నది గట్టి వస్తువు. మొదటి రెండు పేజీలు బాగా నడిచాయి. మూడో పేజీలో కాథలిక్ పునీతుడు అస్సీసి ఫ్రాన్సిస్ ‘లోలోపల ప్రకృతి ఆరాధకుడే’ అన్నావు చూడు, అక్కడ చెడింది. మతం మారింది ఆవిడ. ఆవిడతోపాటు ఫ్రాన్సిస్‌నూ నువ్వు మార్చేశావు. ఇలాంటి రచనల్లో అన్నిటికంటే ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. అభిమానించే మనిషి కూడా మనవాడే అనేసుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు కదా, అందుకు. కానీ ఆ సంజాయిషీయే లేకపోతే నీ వ్యాసంలో చదవడానికి ఏం మిగులుతుంది?

ఫ్రాన్సిస్ కట్టిన సృష్టి స్తుతిగీతాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువు. 1224–25 ప్రాంతంలో, చూపు దాదాపు పోయిన స్థితిలో, ఉంబ్రియా జనం మాట్లాడే భాషలో కట్టాడు. సూర్యుడు, గాలి, నిప్పు అన్నదమ్ములు, నీరు అక్క, భూమి అక్కా తల్లీ కూడా. విక్కన్ పాఠకురాలికి ఒళ్లు పులకరించేది ఇక్కడే. విక్కా క్రతువులో వలయం గీసి దిక్కులను పిలిచేటప్పుడు ఆవిడ పిలిచేవీ ఆ నాలుగే: తూర్పున గాలి, దక్షిణాన నిప్పు, పడమట నీరు, ఉత్తరాన భూమి.

ఈ పోలికను వాడుకో, తప్పులేదు. అయితే అది ఎక్కడ తెగుతుందో కూడా చూపించు. పాటలో వరస గాలి, నీరు, నిప్పు, భూమి. వలయంలో మామూలుగా ప్రదక్షిణంగానే నడుస్తారు. గీసిన వలయాన్ని విప్పేటప్పుడే అప్రదక్షిణం. నీ పాత్ర ఆ పాట చదువుతూ దిక్కు దిక్కుకూ తిరుగుతోందనుకో. గాలి చరణానికి తూర్పున నిలబడింది. తర్వాతిది నీరు, కాబట్టి దక్షిణాన్ని ఊరికే దాటేసి పడమటికి పోవాలి. ఆ తర్వాత నిప్పు. వెనక్కి తిరిగితే అప్రదక్షిణమైపోతుంది. ముందుకే పోతే ఉత్తరం, తూర్పు దాటుకుని దక్షిణానికి రావాలి, భూమి కోసం మళ్లీ పడమర మీదుగా ఉత్తరానికి నడవాలి. ఈ తిప్పలేవీ వద్దనుకుంటే చరణాలు తారుమారు చేయాలి. ఈ మూడింటిలో ఆవిడ ఏది చేస్తుందో రాయి. ‘ఆమె రెండు లోకాల మధ్య నలిగిపోయింది’ అని నువ్వు రాసిన వాక్యం కొట్టేయడానికి ఆ నడక ఒక్కటి చాలు.

పాట అక్కడితో ఆగదు. మరణాన్ని కూడా అక్కా అని పిలిచి, మరణకరమైన పాపంలో చచ్చేవాళ్లకు అయ్యో అంటాడు ఫ్రాన్సిస్. మొదటి మాటే సర్వశక్తిమంతుడైన ప్రభువుకు. విక్కన్లలో చాలామందికి భూమే దైవం. ఫ్రాన్సిస్‌కు భూమి తోబుట్టువు, ఇద్దరికీ తండ్రి వేరే ఉన్నాడు. ఆ పాపం మాట దగ్గరికి వచ్చేసరికి నీ పాత్ర గొంతు ఆపేస్తుందా, అతని మాట అతనిదని చదివేస్తుందా? నన్నడిగితే చదివించేస్తాను. నీ ఇష్టం నీది.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి. మెచ్చుకోవడం, స్మరించుకోవడం, ఆవాహన చేయడం, ఈ మూడూ ఒకటి కావు. పుస్తకాల అరలో ఫ్రాన్సిస్ బొమ్మ ఉంటే అది మెచ్చుకోలు. అక్టోబరు 31న, చనిపోయినవాళ్లను తలుచుకునే సావిన్ పండగ రాత్రి, పోయినవాళ్ల ఫోటోల పక్కన అదే బొమ్మ పెట్టి ముందు ఒక పళ్లెం ఉంచితే స్మరణ. వలయంలోకి పేరుపెట్టి పిలిస్తే ఆవాహన; దేవుడు తప్ప ఆరాధ్యుడు లేడన్న మనిషిని దేవతల వరసలో నిలబెట్టడమంటే ఆయన మాటకు ఎదురుపోవడమే. ఇది కుదురుతుందా కుదరదా అని అడగడానికి విక్కాలో పోపు లేడు. ఒక కవెన్‌లో, అంటే కలిసి ఆచరించే ఒక బృందంలో, చెల్లింది ఇంకో కవెన్‌లో చెల్లదు, ఒంటరిగా ఆచరించేవాళ్లు సొంతంగా నిర్ణయించుకుంటారు. నీ వ్యాసంలో బొమ్మ రెండో పేజీలో అరలో ఉంది, నాలుగో పేజీకి బలిపీఠం మీదికి ఎక్కింది. ఎవరు ఎక్కించారో, ఎప్పుడో లేదు.

ఐర్లండ్‌లో ఒక పాత దేవతకూ, ఒక పునీతురాలికీ ఉన్న పేరు బ్రిజిడ్. ఆ పేరు దగ్గర నువ్వు ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది. ‘చర్చి దేవతను దొంగిలించింది’ అన్నది వినడానికి బాగుంటుంది, నిలబెట్టడం కష్టం. మన దగ్గరున్న ఆధారాలు ఇవి: కోర్మాక్ పేరు మీద ఉన్న పాత ఐరిష్ నిఘంటువు బ్రిజిడ్‌ను దగ్దా అనే దేవుడి కూతురని, కవులు కొలిచే దేవత అని, అదే పేరుతో వైద్యానికొక చెల్లెలు, కమ్మరానికొక చెల్లెలు ఉన్నారని చెబుతుంది. ఐర్లండ్‌లోని కిల్డేర్ మఠాధిపతి, పునీత బ్రిజిడ్ చరిత్రను కొగిటోసస్ 7వ శతాబ్దంలో రాశాడు, అంటే ఆ నిఘంటువు కంటే ముందే. దేవత పండగ ఇంబోల్క్, పునీతురాలి పండగ, రెండూ ఫిబ్రవరి 1నే. దేవత, పునీతురాలు ఇద్దరూ ఎక్కడ కలిశారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కాబట్టి ‘అయి ఉండవచ్చు’ అని రాయి, పరువేం పోదు. కిల్డేర్ మఠంలో ఆరకుండా కాచిన నిప్పు గురించి మాత్రం తనివితీరా రాసుకో. 12వ శతాబ్దం చివర్లో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత చెప్పినదాన్ని బట్టి 19 మంది మఠకన్యలు రాత్రికొకరు చొప్పున ఆ నిప్పును కాచేవారు. 20వ రాత్రి కట్టెలు పక్కన పెట్టి, నీ నిప్పు నువ్వే చూసుకో అని బ్రిజిడ్‌కే అప్పగించేవారు. ఎంత కట్టె కాలినా బూడిద పెరిగేది కాదట. మధ్యలో ఆరిపోయిన ఆ నిప్పును 1993లో మళ్లీ వెలిగించింది బ్రిజిడీన్ మఠకన్యలు. నువ్వు విక్కన్లని రాశావు, దిద్దుకో.

జోన్ ఆఫ్ ఆర్క్ పేరా మొత్తం తీసెయ్. ఆమె మంత్రగత్తెల రహస్య మతానికి చెందిందన్నది 1921లో మార్గరెట్ మర్రే చేసిన వాదన. చరిత్రకారులు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టారు. విక్కాను లోకానికి పరిచయం చేసిన గెరాల్డ్ గార్డ్నర్ 1954 పుస్తకానికి ముందుమాట రాసింది ఈ మర్రేనే, అందుకే ఈ కథ విక్కన్లలో అంత కాలం తిరిగింది. 1431 మే 30న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో జోన్‌ను కాల్చింది మళ్లీ మతభ్రష్టురాలైందన్న నేరం మీద. సిలువను కళ్లకెదురుగా ఎత్తి పట్టమని అడిగి, యేసు పేరు పలుకుతూ ప్రాణం వదిలిందని చూసినవాళ్లు సాక్ష్యమిచ్చారు. అలాంటి పిల్లను మనలో కలుపుకోవడం అభిమానం అనిపించుకోదు. అదే పేరాలో 90 లక్షల మంది మంత్రగత్తెలను కాల్చారని ఉంది. ఐరోపాలో ఆ నేరం మీద చంపినవాళ్లు 40,000 నుంచి 60,000 అని ఇప్పటి అంచనా. అంకె తగ్గితే ఘోరం తగ్గదు. పెంచితే మాత్రం నీ మిగతా మాటలన్నీ అనుమానంలో పడతాయి.

హిల్డెగార్డ్‌ను నువ్వు ఆకాశానికెత్తావు. 12వ శతాబ్దంలో పచ్చదనంలో ప్రాణశక్తిని చూసిన జర్మన్ మఠాధిపతి, నీ పాత్రకు నచ్చకుండా ఎలా ఉంటుంది? అయితే ఆవిడ మఠంలో గొప్పింటి ఆడపిల్లలకే చోటు. ఇదేం పద్ధతని ఇంకో మఠాధిపతి ఉత్తరం రాస్తే, పశువులన్నిటినీ ఒకే కొట్టంలో కడతారా అన్న ధోరణిలో జవాబిచ్చింది. అది కూడా రాయి. అది తెలిశాక కూడా నీ పాత్రకు ఆవిడంటే గౌరవం మిగిలితే ఆ గౌరవాన్ని పాఠకుడు నమ్ముతాడు.

మన పాఠకుడి సంగతి. గుణదల కొండకు బొట్టు పెట్టుకున్నవాళ్లూ వెళ్తారు, కొబ్బరికాయ కొడతారు, తలనీలాలిస్తారు. అది తెలిసినవాడు నీ వ్యాసం చదివి ‘ఇందులో వింతేముంది?’ అంటాడు. కాబట్టి మొదటి పేజీలోనే ఆవిడ ఏం వదులుకుందో చూపించాలి: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందిన మనిషి, ఇప్పుడు అమ్మతో చర్చిలో పూజకు వెళ్లినా దివ్యసత్ప్రసాదం తీసుకోకుండా బెంచీలోనే కూర్చుంటుంది. చేతబడికీ విక్కాకూ సంబంధం లేదని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పో, దాని మీద పేజీ ఖర్చుపెట్టకు.

మిగిలినవి చిన్నవి. విక్కా ‘వేల ఏళ్ల నాటి మతం’ కాదు; బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాకే గార్డ్నర్ దాన్ని బయటపెట్టి రాశాడు. సామ్‌హైన్ అని రాశావు, పలికేది సావిన్. బ్రిజిడ్ సిలువ అల్లడానికి నీ పాత్ర తుంగను కత్తెరతో కోసింది. పాత ఆచారంలో తుంగను కొయ్యరు, చేత్తో పీకుతారు.

ఆశీస్సులతో.