యాంప్లిఫయర్ ఎంచుకునే ముందు మీ ఇంట్లోనే కొలవవలసిన సంఖ్య ఒకటుంది

నమస్కారం. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గదిలో, 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన వోల్టేజికి ఎంత శబ్దం వస్తుందనే అంకె), 4 ఓంల ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకరు చూపే నిరోధం) ఉన్న నిలువు స్పీకర్లకు లక్స్‌మన్ ఎల్-590ఏఎక్స్ మార్క్ 2 తీసుకోవాలా, హెగెల్ హెచ్390 తీసుకోవాలా అని మీరు అడిగారు. మొదటిది 30 వాట్ల క్లాస్ ఏ (పాట ఉన్నా లేకపోయినా ఒకేలా కరెంటు లాగే పద్ధతి), రెండవది 250 వాట్ల క్లాస్ ఏబీ (పాటను బట్టి లాగే పద్ధతి) కాబట్టి, ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మిమ్మల్ని తేల్చుకోనివ్వడం లేదని అర్థమైంది. దాదాపు ఇవే కొలతలున్న గదిలో, ఇలాంటి స్పీకర్లతోనే, హైదరాబాదులో పదకొండేళ్లుగా వింటున్నాను, ఈలోపు మూడు యాంప్లిఫయర్లు మారాయి. ఆ అనుభవంతో చెప్పగలిగేది ఒక్కటే: మీరు వినే పద్ధతికి ఎన్ని వోల్టులు కావాలో ముందు మీ ఇంట్లో కొలుచుకోండి, కంపెనీ పేరు సంగతి తరువాత చూడవచ్చు.

వాట్ల అంకె మనల్ని భయపెట్టినంతగా చెవికి తేడా తెలియదు. శక్తి రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, ఆ లెక్కన 30 వాట్లకూ 250 వాట్లకూ మధ్య ఉన్నది సుమారు 9 డెసిబెల్స్. అది చిన్న తేడా కాదు గానీ, ఎనిమిది రెట్ల తేడా అనిపించేదీ కాదు. మీ స్పీకర్ల కాగితం మీద రాసిన 86 డెసిబెల్స్ కూడా 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు వచ్చే అంకె. 8 ఓంల స్పీకరుకు ఆ వోల్టేజి ఒక వాటు అవుతుంది, 4 ఓంల స్పీకరుకు రెండు వాట్లు అవుతుంది. అందువల్ల 4 ఓంల స్పీకర్లు ఉన్నవారు వాట్లలో కాకుండా వోల్టుల్లో, ఆంపియర్లలో ఆలోచించడం మేలు. 8 ఓంల దగ్గర 30 వాట్లు ఇచ్చే ఎల్-590ఏఎక్స్ 4 ఓంల దగ్గర సరిగ్గా రెట్టింపుగా 60 వాట్లు ఇస్తుందంటే, భారం పెరిగినా అది 15.5 వోల్టులను నిలబెట్టుకుంటున్నదని, అంటే దాని పవర్ సప్లై గట్టిదని అర్థం.

ఇప్పుడు కొలత సంగతి. మీరు ఎప్పుడూ వినేవాటిలో అన్నింటికన్నా గట్టిగా పెట్టుకునే రికార్డింగును, ఇప్పుడున్న యాంప్లిఫయరు మీదనే, ఇంతకు మించి వద్దు అనిపించేంతవరకు పెంచి, వాల్యూమ్ నాబ్ ఉన్న చోటును గుర్తు పెట్టుకోండి. తరువాత యాంప్లిఫయరును ఆపి, స్పీకరు తీగలను ఊడదీసి, అవి ఒకదానికొకటి తగలకుండా పక్కకు పెట్టి, మళ్లీ ఆన్ చేసి, అదే ప్లేయరులోంచి మైనస్ 12 డెసిబెల్స్ స్థాయిలో, అంటే రికార్డింగులో పట్టే గరిష్ఠ వోల్టేజిలో నాలుగో వంతులో, ఉన్న 200 హెర్ట్జ్ టోన్‌ను (ఆగకుండా ఒకేలా మోగే పరీక్ష స్వరాన్ని) నాబ్ కదపకుండా వినిపిస్తూ, స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి చూడండి. చవక మీటర్లు వెయ్యి హెర్ట్జ్ దగ్గర తప్పు చూపించవచ్చు కనుక 200 చాలు. వచ్చిన అంకెను నాలుగుతో గుణిస్తే, ఆ నాబ్ స్థానంలో మీ యాంప్లిఫయరును అడగగలిగే గరిష్ఠ వోల్టేజి తెలుస్తుంది.

మా ఇంట్లో రాత్రి పది దాటాక వీణో వయొలినో వింటుంటే మీటరు 0.6 వోల్టులు చూపింది. నాలుగు రెట్లు 2.4, అంటే 4 ఓంల స్పీకరుకు ఒకటిన్నర వాటు. ఆదివారం ఉదయం షేక్ చిన మౌలానా గారి నాదస్వరం, దానితో డోలు, కచేరీలో ముందు వరుసలో కూర్చున్నట్టు వినాలనుకున్నప్పుడు 2.6 చూపింది, అది 10.4 వోల్టులకు, 27 వాట్లకు సమానం. ఇక్కడి వరకు ఆ 30 వాట్ల క్లాస్ ఏ హాయిగా సరిపోతుంది. అయితే మా మేనల్లుడు వచ్చి తనకు నచ్చిన సినిమా పాటలు తన ఇష్టప్రకారం పెట్టుకున్న రోజున మీటరు 4.5 దగ్గర నిలిచింది. 18 వోల్టులు, 81 వాట్లు! 15.5 వోల్టుల దగ్గర ఆగిపోయే యాంప్లిఫయరు అక్కడ పాటలోని అతి గట్టి చోట్లను, అంటే శిఖరాలను, కోసేస్తుంది. మా ఇంట్లో ఇద్దరం వింటాం కనుక ఆ ఒక్క కొలతతో నా నిర్ణయం మారిపోయి, 8 ఓంలకు 120 వాట్లు, 4 ఓంలకు 220 వాట్లు ఇచ్చే లక్స్‌మన్ ఎల్-509ఎక్స్ తీసుకున్నాను. మీ ఇంట్లో మీరొక్కరే వినేవారైతే ఇదే లెక్క మిమ్మల్ని క్లాస్ ఏ వైపు నడిపించినా ఆశ్చర్యం లేదు.

అలా నడిపిస్తే వేడి గురించి కూడా ఆలోచించండి. క్లాస్ ఏ యాంప్లిఫయరు పాట ఉన్నా లేకపోయినా కరెంటు లాగుతూనే ఉంటుంది. ఈ స్థాయి యంత్రం సుమారు 200 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు 30 యూనిట్లు. ఆ వేడినంతటినీ మే నెలలో మళ్లీ మీ ఏసీయే బయటికి తోడాలి. తలుపులున్న షోకేసులో దాన్ని పెట్టడం కుదరదు, పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. గాలి ఆడడానికి దాని మూతకు ఉండే జాలీల్లోంచి బల్లులు దూరతాయన్నది కూడా మన ఇళ్లలో నిజమైన బెడదే. రాజమండ్రిలోని ఒక మిత్రుడి యాంప్లిఫయరు ఆగిపోయిందని మూత విప్పితే, పవర్ సప్లై బోర్డు మీద రెండు టాంకాల మధ్య చిన్న బల్లి ఎండిపోయి అతుక్కుని ఉంది. వెచ్చదనం కోసం చేరినదే. గాలికి అడ్డు రాని సన్నని స్టీలు వలను జాలీ మీద బిగించి, నెలకొకసారి దుమ్ము దులుపుకుంటే సరిపోతుంది.

డ్యాంపింగ్ ఫ్యాక్టరును (స్పీకరు ఓంలను యాంప్లిఫయరు లోపలి నిరోధంతో భాగిస్తే వచ్చే అంకెను) చూసి ఎంచుకోకండి. హెగెల్ తన హెచ్390 కి 4000 కు మించిన అంకె చెబుతుంది, అంటే యాంప్లిఫయరు లోపలి నిరోధం 8 ఓంలలో నాలుగువేలవ వంతు, 0.002 ఓంలు. మూడు మీటర్ల పొడవున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పోనూ రానూ కలిపి, ఒక్కటే 0.04 ఓంలు ఉంటుంది. స్పీకరు లోపల బాస్‌ను, పైస్వరాలను విడదీసే క్రాస్ఓవర్ కాయిల్ నిరోధం అంతకంటే ఎక్కువే. హెచ్390 మంచి యాంప్లిఫయరే, దానికి కారణాలు వేరే ఉన్నాయి.

నా అనుభవంలో అందరూ తక్కువగా పట్టించుకునేది, రోజూ ఎక్కువగా బాధపెట్టేది వాల్యూమ్ కంట్రోలు. పక్క గదిలో అమ్మగారు నిద్రపోతారని మీరు రాశారు కాబట్టి ఈ మాట మీకు ముఖ్యం. నా రెండవ యాంప్లిఫయరులో మామూలు పొటెన్షియోమీటరు (తిప్పిన కొద్దీ నిరోధం మారే నాబ్) ఉండేది. రాత్రిపూట బాగా తగ్గించి వింటే గాయని గొంతు నడుమ నుంచి ఎడమ స్పీకరు వైపు ఒక అడుగు జరిగిపోయేది. ఆ నాబ్ అడుగు భాగంలో రెండు చానళ్లు సమానంగా ఉండకపోవడం దానికి కారణం. పైగా ఇప్పటి స్ట్రీమర్లు (ఇంటర్నెట్ నుంచి పాటలు అందించే ప్లేయర్లు) మామూలు అవుట్‌పుట్ మీద 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ మీద 4 వోల్టులు పంపుతుంటే, చాలా యాంప్లిఫయర్లకు 0.2 వోల్టులు అందితే చాలు, పూర్తి శక్తికి చేరిపోతాయి. దానితో నాబ్ గడియారంలో ఎనిమిది, తొమ్మిది అంకెల మధ్యనే ఇరుక్కుపోతుంది, మిగిలిన చుట్టంతా వృథా. రెసిస్టర్లను మెట్లుమెట్లుగా మార్చే కంట్రోలు ఉంటే ఈ సమస్య ఉండదు. లక్స్‌మన్ వాడే లెకువా పద్ధతిలో 88 మెట్లు ఉన్నాయి, ఎంత తగ్గించినా గొంతు నడుమనే నిలుస్తుంది. టోన్ కంట్రోళ్లను కూడా చిన్నచూపు చూడవద్దు, తక్కువ శబ్దంలో మృదంగం తొప్పి వైపు నాదం చెవికి పలచబడుతుంది కనుక బాస్‌ను కొద్దిగా పెంచుకోవడం తప్పు కాదు. లోపల డాక్ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే భాగం) ఉన్నదా లేదా అన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు, అది అయిదేళ్లలో పాతబడుతుంది, యాంప్లిఫయరు ఇరవై ఏళ్లు ఉండాలి.

జపాన్ దేశీయ మార్కెట్ కోసం చేసిన 100 వోల్టుల యంత్రాలు తక్కువ ధరకు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. నా మొదటిది అలాంటిదే, వేరే ఊరి అమ్మకందారు దగ్గర, మన 230 వోల్టులను 100 కు తగ్గించేందుకు ఆయనే ఇచ్చిన ఆటో ట్రాన్స్‌ఫార్మరుతో సహా కొన్నాను. ఒక సాయంత్రం ఆ ట్రాన్స్‌ఫార్మరులో న్యూట్రల్ వైపు చుట్ట తెగిపోయింది. అలా తెగితే 230 వోల్టులూ నేరుగా యాంప్లిఫయరులోకి వెళ్లిపోతాయి. కాలిన వార్నిషు వాసన రెండు రోజులు ఇల్లంతా ఉంది. అమ్మినాయన ఫోను ఎత్తలేదు, సర్వీసు సెంటరు వారు ఈ మోడల్ మన దేశానిది కాదని తాకను కూడా తాకలేదు. 230 వోల్టులకు చేసి, ఇక్కడి డీలరు వారంటీతో అమ్మినదే కొనండి. కొనకముందే ఎలక్ట్రీషియనును పిలిచి న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూడమనండి. మా అపార్టుమెంటులో అది 11 ఉండేది, కింద ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉందని తేలింది, దాన్ని తిరిగి చేయించాక 2 కు దిగింది.

దుకాణంలో రెండింటినీ పోల్చేటప్పుడు, ఇదే టోన్‌తో ఇదే మీటరుతో రెండింటి వోల్టేజిని ఒకటిగా సరిచేసి వినిపించమని అడగండి. ఒకటి 2.00 దగ్గర ఉంటే రెండవది 2.02 దాటకూడదు, ఎందుకంటే కొద్దిగా ఎక్కువ శబ్దం ఉన్నదే మనకు ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది. నేను మొదటిసారి ఇలా సరిచేసి విన్నప్పుడు, అంతకు ముందు స్పష్టంగా విన్నాననుకున్న తేడాల్లో సగానికి పైగా మాయమయ్యాయి. మిగిలిన సగం తంబూర శ్రుతి ఎంతసేపు నిలిచి సన్నగిల్లుతున్నదనే చోట వినిపించింది, మీరు కూడా అక్కడే వినండి.

మీటరు మీద మీకు వచ్చిన అంకెలను, స్పీకర్ల మోడల్‌తో పాటు, ఈ సమాధానం కింద రాయండి. రెండింటిలో ఏది సరిపోతుందో లెక్క కట్టి చెబుతాను.